నీలం సీసా కోసం మూడు ఊళ్లు

కరీంనగర్ నుంచి మిర్యాలగూడకు ఎవరైనా గాజు పట్టుకొని పోవాలనుకుంటే ముందుగా ఒక మాట. బస్సులో మీ పక్కన కూర్చునే మనిషి దగ్గర ఉల్లిగడ్డల బస్తా ఉందేమో చూసుకోండి. ఉంటే దిగి ఇంకో బస్సు ఎక్కండి. నేను దిగలేదు. అందుకే ఇంత కథ.

నేను హైస్కూల్లో సైన్సు చెప్తాను. కొన్నేళ్లుగా గాజు పిచ్చి పట్టింది. గాజును ముక్కలుగా కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, కరెంటు బట్టీలో పెట్టి, ఎనిమిది వందల డిగ్రీల దరిదాపుల్లో కరిగించి ఒకే పలకగా అతికించడం. మా ఆయన దీన్ని "గాజు వండుడు" అంటాడు. చుట్టాలొస్తే "లోపల మా ఆమె గాజు వండుతుంది, అన్నం బయట తిందాం" అని హోటలుకు తీసుకుపోతాడు.

నా బీఈడీ రోజుల్లో హాస్టల్ గదిలో తోడున్న సుజాత ఇప్పుడు మిర్యాలగూడలో టీచర్. వాళ్ల చిన్న చర్చికి కొత్తగా గోడ కట్టి, ముందువైపు ఒక కిటికీ ఖాళీగా వదిలారు. "మనుషుల బొమ్మలు వద్దే. పైన ఆకాశం, కింద పొలం, నడుమ ఒక నది. ఆదివారం ప్రతిష్ఠ" అని ఫోన్ చేసింది. మూడు పలకలు చేశాను. ఇనుప ఫ్రేము వాళ్లు అక్కడే చేయించారు. తన బడి పిల్లలకు చూపించాలి, బట్టీ కూడా తెమ్మంది. అది చిన్నదే, ఇద్దరుంటే చెరో చెవి పట్టుకొని మోయొచ్చు.

ఆ రెండో చెవి పట్టుకున్నది మా ఆయన అక్క, సుగుణ వదిన. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైంది. నిలబడితే పక్కవాళ్లు తెలియకుండానే వరుసలో నిలబడతారు. "నువ్వొక్కదానివి అంత సామాను ఎట్ల మోస్తవ్? నేనొస్త" అని తనే బయల్దేరింది.

సూర్యాపేట: ఊడ్చి మరీ ఇచ్చిన

జనగామ దాటాక ఎక్కిన ఒకాయన తన బస్తాను తీసి నా సంచి మీద పెట్టాడు.

"అన్నా, అందుల గాజు ఉంది" అన్నాను.

"గాజులా? ఉల్లిగడ్డలు మెత్తగ ఉంటయి అక్కా, గాజులకేం కాదు" అని బస్తా మీద మోచేయి ఆనించి నిద్రపోయాడు.

సూర్యాపేట బస్టాండులో విప్పి చూస్తే ఆకాశం బాగుంది, పొలం బాగుంది, నది ముక్కలైంది. నేను పెద్దగా కంగారు పడలేదు. ఈ పనిలో ఉన్న సుఖమే అది. పగిలిన ముక్కలన్నీ చేతిలో ఉంటే మళ్లీ పేర్చి బట్టీలో పెట్టుకోవచ్చు, అతుక్కుంటాయి. ముందు చాయ్ తాగుదామని వెళ్లి, రెండు గ్లాసులు పట్టుకొని తిరిగి వచ్చాను. వదిన చేతులు దులుపుకుంటోంది.

"ముక్కలేవి వదినా?"

"మున్సిపాలిటీ బండి వస్తె ఇచ్చేసిన. పిల్లల కాళ్లకు గుచ్చుకుంటయి గదా."

"అన్నీనా?"

"నన్నేమనుకున్నవ్? చీపురు అడుక్కొని, ఊడ్చి మరీ ఇచ్చిన."

సంగతి చెప్పాను. వదిన మొహం చూడాల్సింది. జీవితమంతా ఇతరుల తప్పులు ఎర్ర ఇంకుతో దిద్దిన మనిషి. చాయ్ గ్లాసు కిందపెట్టి, కొంగు నడుముకు దోపి, "నది కావాలె, అంతే గదా? పద" అంది.

అంత తేలిక కాదు. నా నది ఒక సీసా. మా కాలనీలో దొరికిన ఒకే ఒక్క నీలం మందు సీసా. రంగు గాజు తెప్పించుకోవాలంటే బయటి దేశాల నుంచి రావాలి, దాని ధర వింటే నది ఎండిపోతుంది. అందుకని సీసాలు కోసుకుంటాను. ఆ మాట వదినకు అప్పుడే మొదటిసారి చెప్పాను.

"చర్చి కిటికీకి బ్రాందీ సీసానా?"

"బ్రాందీ కాదు వదినా, జిన్ను."

"ఆహా, ఇగ మంచిదే."

బస్టాండు దగ్గర ఆటో అతను మా బట్టీని చూసి "బిర్యానీ గుండిగెనా అమ్మా? ఎంతమందికయితది?" అని అడిగాడు. గాజు అద్దాల దుకాణానికి పొమ్మంటే అనుమానంగా చూసి తీసుకుపోయాడు. దుకాణం సేటు పెద్దమనిషి, పళ్లు లేని నవ్వు. తెల్ల గాజు, కిటికీలకు వేసే నల్ల గాజు, బాత్రూముకు గరుకు గాజు, అంతే. నీలం లేదు. కానీ నా ఆకాశం పలకను చేతిలోంచి దించనే లేదు.

"ఇది ఊదిందా?" అన్నాడు.

"కాదు, పేర్చి కరిగించింది. ఊదుడు వచ్చి రెండు వేల ఏండ్లు అయితుందేమో. అంతకుముందు ఈజిప్టు దిక్కు గిన్నెలు గూడ ఇట్లనే చేసేటోళ్లు. మూసలో గాజు ముక్కలు పేర్చి కాల్చుడు."

"మరి ఎందుకు ఆపిండ్రు?"

"గొట్టం పెట్టి ఊదితే చిటికెల గిన్నె తయారయితుంది గదా. ఇది రోజంతా పడుతుంది. మెల్లమెల్లగ అందరు మర్చిపోయిండ్రు. పోయిన వందేండ్లలనే మళ్ల కొందరు మొదలువెట్టిండ్రు."

"అంటే ఊదేటోడు వచ్చి వీళ్ల దుకాణం బంద్ జేసిండు" అని సేటు సానుభూతిగా నిట్టూర్చాడు. ఎదురుగా కొత్తగా తెరిచిన పెద్ద అద్దాల షోరూము వైపు ఒకసారి చూశాడు. తర్వాత మాకు ఇడ్లీ తెప్పించాడు. మా కరీంనగర్‌లో పల్లి చట్నీ మర్యాదగా ఓ పక్కన ఉంటుంది. ఇక్కడ ఇడ్లీని అందులో ముంచి పంపించారు, పైన కారప్పొడి కొండలా పోసి. వదిన తిని, కళ్లు తుడుచుకొని, "సీసాలు యాడ దొరుకుతయి?" అని సేటును సూటిగా అడిగింది. కోదాడలో పెద్ద పాత సామాను దుకాణాలున్నాయని, రెండు రాష్ట్రాల సీసాలూ అక్కడికే వస్తాయని చెప్పాడు.

కోదాడ: ఖాళీది కావాలి

కోదాడకు వచ్చేసరికి మాట మారిపోతుంది. "గీడ", "గాడ" వినపడుతూనే మధ్యలో "అండీ" వచ్చి కూర్చుంటుంది. భోజనంలో పప్పుకంటే ముందు పచ్చడి వస్తుంది. నేను పప్పు కోసం చూస్తుంటే వడ్డించే ఆమె "ముందు గోంగూర కలపండమ్మా, పప్పెక్కడికీ పోదు" అని నా నిర్ణయం తనే తీసుకుంది. మంచి నిర్ణయం.

పాత సామాను దుకాణం వెనక సీసాల గుట్టలు చూసి నాకు పండగైంది. గోధుమరంగు గుట్ట, ఆకుపచ్చ గుట్ట, తెల్ల గుట్ట. వదిన ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని, చేతికర్రలాగా గొడుగుతో ఒక్కొక్క సీసాను కదిలిస్తూ పోయింది. తరగతి గదిలో వరుసల మధ్య నడిచిన నడక అదే. అడుగున ఒక నీలం సీసా మెరిసింది. ఇద్దరం ఒకేసారి అరిచాం.

తాళంచెవితో గీశాను. నీలం పొరలా లేచింది, కింద తెల్ల గాజు.

"పైన రంగు కొట్టిండ్రు వదినా. బట్టీల పెడితే కాలిపోయి తెల్లది మిగులుతుంది. గాజే నీలంగా ఉండాలె."

"మనుషులే అనుకున్న, సీసాలు గూడనా" అంది వదిన.

దుకాణం యజమాని మా మీద జాలిపడి, పక్కనే ఉన్న మందు దుకాణంలో అడగమన్నాడు. ఖాళీది లేకపోతే నిండుదైనా కొందాం, తర్వాత సంగతి తర్వాత అనుకున్నాం. దూరంగా నిలబడి, ఎవరు ముందు పోవాలని మేం కళ్లతోనే వాదించుకుంటుంటే వెనకనుంచి ఒక గొంతు.

"సుగుణ టీచరే గదండీ?"

వదిన నిలువునా బిగుసుకుపోయింది. నలభై దాటిన మనిషి, చేతిలో బైకు తాళం. కరీంనగర్‌లో వదిన దగ్గర ఏడో తరగతి చదివాడట, పేరు నాగేశ్వరరావు. తండ్రి ఉద్యోగం బదిలీ అయి కోదాడ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. రోడ్డు మీదే కాళ్లకు దండం పెట్టాడు. లేచి, మమ్మల్ని చూశాడు, మేం చూస్తున్న దుకాణాన్ని చూశాడు. గొంతు తగ్గించాడు.

"టీచర్, మీరు లోపలికి రాకండి, బాగోదు. ఏది కావాలో చెప్పండి, నేను తెస్తా."

"తాగడానికి కాదురా! ఖాళీ సీసా కావాలె."

"నిండుది తెస్తే ఖాళీ అవుద్దిగా టీచర్" అన్నాడు, ఎంతో గౌరవంగా.

నేను అడ్డం పడి కిటికీ, నది, ఉల్లిగడ్డలు అన్నీ చెప్పాను. అతను అంతా విని తల ఊపాడు కానీ ఒక్క ముక్కా నమ్మలేదని తెలుస్తూనే ఉంది. లోపలికి పోయి వచ్చి, ఆ రకం సీసాలు ఇప్పుడు తెల్లగాజులోనే వస్తున్నాయని చెప్పాడు. మమ్మల్ని ఉత్త చేతులతో పంపడం ఇష్టంలేక, పాత సామాను దుకాణంలో మేం వదిలేసిన ఆ రంగు పూత సీసానే కాగితంలో చుట్టించి తెచ్చాడు. షేర్ ఆటో ఎక్కించి, వదినతో చివరగా, "ఆరోగ్యం జాగ్రత్త టీచర్" అన్నాడు.

హుజూర్‌నగర్ దాటేదాకా వదిన ఆ కాగితం చుట్టను సంచి అడుగుకు తోస్తూనే ఉంది. దాటాక, "వానికి ఏడో తరగతిల గూడ ఏది చెప్పినా అర్థమయ్యేది కాదు" అంది.

నేరేడుచర్ల దారి: మూతి మంచిది

రోడ్డుకు రెండు పక్కలా వరి. నేరేడుచర్ల దగ్గర పడుతుండగా ఆటో ఆగింది. ముందు గొర్రెల మంద. ఆటో అతను హారను కొట్టాడు, గొర్రెలు పట్టించుకోలేదు. ఒక పెద్దాయన రోడ్డు పక్కన గొర్రెను కాళ్ల మధ్య ఇరికించుకొని, దాని నోట్లో సీసా పెట్టి, కడుపులో పురుగులు పోవడానికి నట్టల మందు పోస్తున్నాడు. ఎండ సీసా మీద పడింది. నీలం. పూత కాదు, లోపలిదాకా నీలం.

ఆటో ఇంకా పూర్తిగా ఆగకముందే వదిన దిగింది.

"పెద్దయ్యా, ఆ సీసా మాకియ్యి."

ఆయన పేరు లింగయ్య. వదినను కిందినుంచి పైదాకా చూసి, "మీకు గూడ గొర్లున్నయా?" అన్నాడు.

కిటికీ సంగతి చెప్పాను. కిటికీ మంచిదే కానీ సీసా ఇచ్చేది లేదన్నాడు. "ఇసొంటి మూతి దొరకదమ్మా. సన్నగ, పొడుగ్గ. దవడ పక్కకెళ్లి పెడితె సక్కగ గొంతుల పడతది. పిలాస్టిక్‌ది పెడితె నమిలి పారేస్తయి. ఇది పంటికి జారుతది."

పైసలిస్తామంటే నవ్వాడు. ఆటోలో ఉన్నవాళ్లంతా దిగి తలా ఒక మాట అన్నారు. ఒకామె "దేవుని పని తాతా, ఇయ్యి" అంది. ఆటో అతను "ఎవరన్న ఏదన్న ఇచ్చి ఖతం జెయ్యిండ్రి, నాకింకో ట్రిప్పుంది" అన్నాడు. అప్పుడు వదిన సంచిలోంచి కాగితం చుట్ట తీసి విప్పింది. నాగేశ్వరరావు సీసా. మూతి సన్నగా, పొడుగ్గా.

లింగయ్య దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. మూతి మీద బొటనవేలు తిప్పాడు. "సూస్తానికి మంచిగనే ఉంది. పనిచేస్తదా లేదా సూడాలె. పట్టుండ్రి" అని ఒక పొట్టేలును మా ముందుకు తోశాడు.

గాజు కోయడం, పేర్చడం, కాల్చడం అన్నీ ఎక్కడో ఒకచోట నేర్పిస్తారు. పొట్టేలుకు మందు పోయడం నాకెవరూ నేర్పలేదు. లింగయ్య మందును మా సీసాలోకి ఒంపి ఇచ్చాడు. వదిన కొమ్ములు పట్టుకుంది, నేను సీసా పెట్టాను. అది ఒక్కసారి తల విదిలించింది. తెల్లటి మందు నా చీర మీద, కళ్లద్దాల మీద, ఆటో అతని చొక్కా మీద సమానంగా పడింది. వదినకు కోపం వచ్చింది. పొట్టేలు కళ్లలోకి చూసి, "నోరు తెరువు!" అంది.

తెరిచింది. దేవుడి సాక్షిగా తెరిచింది. గటగటా తాగింది.

లింగయ్య ఇంతసేపటికి మొదటిసారి పూర్తిగా నవ్వాడు. నీలం సీసాను కాలువ నీళ్లలో కడిగి వదిన చేతిలో పెట్టాడు. "దాన్ని ఏం జేస్తరో నేను సూడాలె. ఆదివారం వస్త" అన్నాడు. రమ్మని చర్చి గుర్తులు చెప్పి ఆటో ఎక్కాం.

మిర్యాలగూడ: మూత తీయొద్దు

సుజాత ఇంట్లో శనివారం పొద్దున్నే పని మొదలుపెట్టాను. సీసా చుట్టూ గాటు పెట్టి, వేడినీళ్లు, చన్నీళ్లు మార్చి పోస్తే గాటు దగ్గర టక్కున విరుగుతుంది. మూతి, అడుగు తీసేస్తే మిగిలిన గొట్టాన్ని నిలువునా చీల్చాలి. ఒక పొరే పెడితే చాలదు. కరిగిన గాజు తనకు తానుగా చిన్నపిల్లల చిటికెన వేలి మందానికి వస్తానంటుంది, పలచగా ఉంటే అంచులు లోపలికి ముడుచుకుపోతాయి. అందుకని రెండు పొరలు. రెండూ ఒకే సీసావి కావాలి. వేరే గాజు కలిపితే చల్లారేటప్పుడు ఒకటి ఎక్కువ ముడుచుకుంటుంది, ఇంకొకటి తక్కువ, పలక చీలుతుంది.

సీసా తోముతుంటే ఒకచోట మందు మరకల కింద తెల్లటి అచ్చు కనపడింది. పీచు పెట్టి రుద్దినా పోలేదు. "అది రంగు, కాలిపోతది" అని వదినకు చెప్పాను. కోదాడలో చూశాం కదా. పొగ పైకి పోవాలని అచ్చు ఉన్న వైపు పైకే పెట్టాను.

మధ్యాహ్నానికి బట్టీ వేడెక్కింది. ఆ తర్వాతి పని కాల్చడంకంటే కష్టం: ఏమీ చేయకపోవడం. గాజు మెల్లగా చల్లారాలి, తొందరపడి మూత తీస్తే చల్లగాలి తగిలి పగులుతుంది. ఈ మాట సుజాత ఇంటికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పాను. పక్కింటావిడ "ఒక్కసారి ఇట్ల ఎత్తి సూసి అట్ల పెడత" అంది. అయ్యగారు, అంటే వాళ్ల పాస్టరు, ప్రార్థన చేయడానికి వచ్చి, ప్రార్థన ముగించి, "ఇప్పుడు తీయొచ్చా?" అన్నారు. చివరికి వదిన బట్టీ పక్కన కుర్చీ వేసుకొని కూర్చుంది. ఇక ఎవరూ దగ్గరికి రాలేదు.

ఆదివారం తెల్లవారాక మూత తీశాను. ఒక్క బుడగ లేదు, ఒక్క చీలిక లేదు. పొడుగాటి నీలి పలక, అంచులు నీళ్లలాగే గుండ్రంగా తిరిగి ఉన్నాయి. నడిమధ్యలో తెల్లగా, ముచ్చటైన అంకెల్లో 750.

కొన్ని సీసాల మీద ఉండేది రంగు కాదు. గాజు పొడితో వేసిన అచ్చు. బట్టీలో అది కాలిపోదు, హాయిగా కలిసిపోతుంది. పక్కన ఉండాల్సిన "మి.లీ." నేను కోసేసిన ముక్కలో పోయింది.

"తిప్పి పెడితే?" అంది సుజాత, పాలిపోయిన మొహంతో.

"తిప్పితే రోడ్డు వైపు పడుతుంది" అంది వదిన. ముగ్గురం ఆ దృశ్యం ఊహించుకున్నాం. అంకె లోపలివైపే ఉండనిద్దామనుకున్నాం.

గీకడానికి టైము లేదు. ఫ్రేము బిగించే మేస్త్రీ వచ్చి నిలబడ్డాడు. అవతల పాటలు మొదలయ్యాయి.

ఆరాధన

తెల్ల అచ్చు కదా, నీలంలో అంతగా కనపడదని నాకు నేను చెప్పుకున్నాను. వెనకనుంచి ఎండ పడేసరికి అది నల్లగా మారి మూడింతలు కొట్టొచ్చినట్టు కనపడింది. ఆకాశం బాగుంది, పొలం ఇంకా బాగుంది, ఎవరూ వాటిని చూడలేదు.

ముందు వరుసలో ఒక పెద్దమ్మ కళ్లద్దాలు సరిచేసుకొని పాటల పుస్తకం తీసింది. పేజీలు తిప్పింది. ఆమెను చూసి పక్కావిడ తీసింది. కాసేపట్లో చర్చి నిండా పేజీల చప్పుడు.

"అయ్యగారూ, మన పుస్తకంల ఏడువందల యాభయ్యో పాట లేదు" అంది పెద్దమ్మ.

అయ్యగారు కిటికీని చూశారు, సుజాతను చూశారు. సుజాత నన్ను చూసింది. నేను నా కాళ్లను చూసుకున్నాను. అప్పుడు నా పక్కన కుర్చీ కదిలింది. వదిన లేచి నిలబడింది.

"అది పాట నంబరు కాదు. సీసా కొలత. ఏడువందల యాభై మిల్లీలీటర్లు. జిన్ను సీసా. ఈ పిల్ల చేసిన అసలు నది ముక్కల్ని చెత్తబండిల పారేసింది నేను. అందుకని ఈ సీసా వెతికి తెచ్చింది గూడ నేనే. ఏమన్న అనాలంటే నన్ననండి."

నా పక్కన సుజాత కళ్లు మూసుకుంది, ప్రార్థనో భయమో తెలియదు. అయ్యగారు కిటికీ వైపు తిరిగి చాలాసేపు నిలబడ్డారు. భుజాలు కదిలాయి. ఇటు తిరిగేసరికి ఆయన నవ్వు ఆపుకోలేక కళ్లు తుడుచుకుంటున్నారు.

"మన ప్రభువు నీళ్లను ద్రాక్షారసం జేసిండు" అన్నారు. "ఈ అక్కలిద్దరు దాన్ని మళ్ల నీళ్లు జేసి మనకు తెచ్చిండ్రు. ఉండనియ్యిండ్రి."

నవ్వు ముందు వరుసలో పెద్దమ్మ దగ్గర మొదలై తలుపు దాకా పోయింది. తలుపు దగ్గర లింగయ్య నిలబడి ఉన్నాడు, ఇస్త్రీ చేసిన తెల్ల ధోవతి, భుజాన కొత్త కంబలి. ఎప్పుడొచ్చాడో తెలియదు. కిటికీ నీలం నేల మీదుగా పాకి ఆయన పాదాల దాకా వచ్చింది. ఆయన చెప్పులు విప్పి, దాన్ని తొక్కాలా వద్దా అన్నట్టు ఆగాడు.

"లోపలికి రాండ్రి పెద్దయ్యా" అన్నారు అయ్యగారు.

"నాదే ఆ సీసా" అన్నాడు లింగయ్య, అందరికీ వినపడేలా. "మంచిగ పనిచేసేది."

ఆయన్ను ముందు వరుసలో, పెద్దమ్మ పక్కన కూర్చోబెట్టారు. చివరి ప్రార్థనలో అయ్యగారు ఊరి కోసం, వానల కోసం, బడి పిల్లల కోసం వేడుకొని, కాస్త ఆగి, లింగయ్య గొర్రెలకు ఏ రోగమూ రాకూడదని కూడా అడిగారు. చర్చి మొత్తం మీద గట్టిగా "ఆమేన్" అన్న గొంతు మా సుగుణ వదినది.